పీత కొరికిన వల

విశ్వపతి మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన అప్పటికప్పుడు జవాబు చెప్పిన రోజు నాకు గుర్తు లేదు. ముందు అడిగిన మనిషికి ఏదో ఒక పని పురమాయించేవారు. కప్ప గుండెకు మూడు గదులే ఎందుకున్నాయని అడిగిన విద్యార్థి చేత ఓ పూటంతా గాజు సీసాలు కడిగించారు. దేవుడున్నాడా అని అడిగిన ఇంగ్లీషు లెక్చరరు గారి చేత తోటలో వంకాయ నారు పోయించారు. పని పూర్తయ్యేసరికి సగం మంది తమ ప్రశ్నను మరిచిపోయేవారు, మిగిలిన సగం మందికి జవాబు దొరికిపోయేది. నేను ఎప్పుడూ మొదటి సగంలోవాణ్ణే. అయినా పదకొండేళ్లు ఆయన కింద జంతుశాస్త్రం డెమాన్‌స్ట్రేటరుగా పనిచేశాను కనుక, ఆయన జవాబుల్లో ఒకటి మాత్రం మొదటి నుంచి చివరి దాకా కళ్లారా చూశాను. అందులో నా తప్పు కూడా కొంత ఉంది. దాన్ని దాచను.

మాది భీమిలికి ఇవతల సముద్రపుటొడ్డు ఊరు. ఆ రోజుల్లో బియ్యెస్సీ చదివినవాళ్లకు కూడా డాక్టరు చదువులో కొన్ని సీట్లుండేవి. మార్కులు చూసి, పిలిచి మాట్లాడి, ఇచ్చేవారు. మా కాలేజీలో నూకరత్నం అనే అమ్మాయి ఆ సీటు మీద ఆశ పెట్టుకుంది. వాళ్ల నాన్న సింహాద్రి గారు ఊళ్లో ఆసుపత్రి కాంపౌండరు. ఆ పిల్ల నాలుగేళ్ల వయసు నుంచీ ఆసుపత్రి వరండాలోనే పెరిగింది. కట్టు కట్టడం, జ్వరం చూడడం ఆటలాగా నేర్చేసుకుంది. కానీ ఆసుపత్రిలో ఉన్న చురుకు కాలేజీలో కనిపించలేదు. జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం అంతంతమాత్రంగా గట్టెక్కి, రసాయనంలో ముప్ఫై అయిదు రావలసిన చోట ఇరవై రెండు తెచ్చుకుని తప్పింది.

ఫలితాలు వచ్చిన వారానికి మాస్టారి గదికి వచ్చింది. చేతిలో సెప్టెంబరు పరీక్ష దరఖాస్తు ఉంది. దాని మీద మాస్టారి సంతకం కావాలి, సోమవారంతో గడువు ఆఖరు. సంతకం అడగడానికి వచ్చిన పిల్ల దాన్ని బల్ల మీద పెట్టి వేరే మాట అడిగింది.

"మాస్టారూ, ఒకసారి ఇంత తక్కువ మార్కులు తెచ్చుకున్నవాళ్లు డాక్టరు చదువుకు పనికొస్తారా?"

బల్ల మీది దరఖాస్తు అంచును వేళ్లతో చుట్టలు చుడుతూనే ఉంది. రసాయనంలో ఊరికే గట్టెక్కితే చాలదు, డెబ్భై అయిదు దాటితేనే మొత్తం మీద ఆ సీటుకు అందుతుంది. పైగా ఆ వైద్యకళాశాల వాళ్లకు ఒక పట్టింపు ఉండేది. ఒకసారి తప్పినవాళ్లను మన్నించేవారు, రెండోసారి కూడా తప్పినవాళ్ల కాగితం తిప్పి కూడా చూసేవారు కాదు. ఇదంతా ఒక ఎత్తు, వాళ్ల నాన్న మాట మరో ఎత్తు. ఈ ఏడాదితో ఏదో ఒకటి తేలిపోవాలని, తేలకపోతే బడిలో ఖాళీగా ఉన్న సైన్సు టీచరు ఉద్యోగంలో చేరిపోవాలని ఆయన చెప్పేశారట. అందుకే వచ్చే మార్చి దాకా ఆగడం కంటె సెప్టెంబరే నయమని ఆమె అనుకుంటోంది.

నన్నెవరూ అడగకపోయినా సలహా ఇవ్వడం నాకు అలవాటు. పదేళ్ల ప్రశ్నపత్రాలు తిరగేసి, తిరిగి తిరిగి వచ్చే ఇరవై ప్రశ్నలు ఏరి ఓ జాబితా తయారు చేసి పెట్టుకున్నాను. అది తీసి ఆమె చేతిలో పెట్టాను. వీటిలో పదిహేను బట్టీ పడితే ఎనభై నీ ఒళ్లో పడుతుందన్నాను. రత్నం ముఖం విప్పారింది. నాకూ ఎంతో మంచి పని చేసినట్టనిపించింది.

మాస్టారు ఇద్దరి మాటలూ విన్నారు. కళ్లజోడు తుడుచుకున్నారు. సంతకం చెయ్యలేదు, చెయ్యనని కూడా అనలేదు. దరఖాస్తు పట్టుకుని ఆదివారం పొద్దున్న మొగ దగ్గరికి రమ్మన్నారు. ఏరు సముద్రంలో కలిసే చోటును మా వైపు మొగ అంటారు. లాబు బీరువాలో ఉన్న విసురువలను పీత కొరికిందని, దాన్ని బాగుచేసి వచ్చేటప్పుడు తెమ్మన్నారు. సోమవారం ప్రాక్టికల్సుకు చేపలు కావాలి. చేపలు బజారులో కొనడం మాస్టారికి సుతరామూ ఇష్టం ఉండదు.

రత్నం శనివారం అంతా వరండాలో కూర్చుని ఆ వలతో కుస్తీ పట్టింది. చిల్లు పెద్దదేమీ కాదు. అరచేయి మేర మూడు నాలుగు కళ్లు తెగి వేళ్లాడుతున్నాయి. వలలో ఒక్కొక్క గడిని కన్ను అంటారు. ఆసుపత్రిలో గాయాలకు కుట్లు వేసే దారం తెచ్చి, చిల్లుకు అటూ ఇటూ ఉన్న కళ్లను దగ్గరికి లాగి, ముడి మీద ముడి వేసి మూసేసింది. సాయంత్రం నేను వెళ్లి చూశాను. ముడులు ఒకే కొలతలో, వరసగా, చూడముచ్చటగా ఉన్నాయి. అదే మాట ఆమెతో అన్నాను. నా ఇరవై ప్రశ్నల్లో ఆరు అప్పటికే కంఠతా వచ్చేశాయని ఆమె చెప్పింది. ఇద్దరం చాలా సంతోషంగా ఉన్నాం.

ఆదివారం నేనూ రత్నమూ వెళ్లేసరికి మొగ దగ్గర నీళ్లు తేటగా ఉన్నాయి. మాస్టారు పంచె ఎగగట్టుకుని, బనీనుతో మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉన్నారు. ఒడ్డున మైలపల్లి ఎర్రయ్య తన తెప్ప నీడలో కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. డెబ్భై ఏళ్ల మనిషి. మాస్టారికి వల విసరడం నేర్పింది అతనే. ఆ ఒక్క విషయంలోనే మాస్టారు ఒకరికి శిష్యుడైనట్టు ఊళ్లో చెప్పుకునేవారు.

మాస్టారు తాడు మణికట్టుకు చుట్టుకుని, వలను భుజం మీదికి సర్దుకుని విసిరారు. ఎప్పుడూ గాలిలో గుండ్రంగా విచ్చుకునే వల ఆ పూట రత్నం లాగి కుట్టిన పక్క ముడుచుకుపోయి చేటలా పడింది. లాగితే రెండు నాచు పీచులు, ఒక చెప్పు వచ్చాయి. రెండోసారి విసిరితే మాత్రం అదృష్టం కొద్దీ ఓ పెద్ద చేప పడింది. తాడు బిగిసింది, వల కదిలింది, రత్నం ఒడ్డున గంతులు వేసింది. మాస్టారు వలను నీళ్లలోంచి ఎత్తుతుండగా చిన్న చప్పుడైంది. కుట్టిన చోటుకు పక్కనే వల జానెడు చీరుకుపోయింది. చేప బయటపడి, మా ముగ్గురి ముఖాలూ చూసి మరీ వెళ్లిపోయినట్టు నాకనిపించింది.

రత్నం నీళ్లలోకి పరుగెత్తి వల పట్టుకుని చూసింది. ఆమె వేసిన ముడులు వేసినట్టే ఉన్నాయి. ఒక్కటీ ఊడలేదు.

"నా ముడి ఊడలేదు మాస్టారూ," అంది. ఆ మాటలో కొంత గర్వం, అంతకంటె ఎక్కువ ఏడుపు ఉన్నాయి.

మాస్టారు తలాడించి, వలను తీసుకెళ్లి ఎర్రయ్య ముందు పరిచారు. ఎర్రయ్య చుట్ట పక్కన పెట్టి, చీలిక పక్కనున్న ఒక కంటిని రెండు బొటనవేళ్ల మధ్య పట్టుకుని లాగాడు. టప్పున తెగింది. దాని పక్కది లాగాడు. అదీ తెగింది. పైకి చూస్తే అన్నీ బాగానే ఉన్నట్టున్నాయి, పట్టి లాగితే ఒక్కటీ ఆగడం లేదు.

"ఈ వల తడిమీద ఎవులు దాసినారు?" అన్నాడు.

నేను సముద్రం వైపు చూశాను. పోయిన వానాకాలంలో చేపలు తెచ్చిన రోజు, ఇంటికి తొందరగా పోవాలని ఆ తడి వలను ఆరెయ్యకుండా బీరువాలో కుక్కింది నేనే. నూలు లోపల్లోపల కుళ్లిపోయింది. పీత కొరికింది మూడు కళ్లే గానీ, చుట్టూ ఉన్నవి అంతకు ముందే పాడయ్యాయి. మాస్టారు నా వైపు చూడలేదు. చూడకపోవడమే ఆయన పద్ధతి, అది తిట్టడం కంటె కష్టంగా ఉంటుంది.

ఎర్రయ్య మొలలోంచి చాకు తీశాడు. ముందు రత్నం వేసిన అందమైన ముడులన్నిటినీ కోసి పారేశాడు. తర్వాత చుట్టూ ఉన్న వలను కూడా కొయ్యడం మొదలుపెట్టాడు. అరచేతి చిల్లు పళ్లెమంత అయింది. పళ్లెం చాటంత అయింది. రత్నం ఉండబట్టలేక ముసలాయన చెయ్యి పట్టుకుంది.

"తాతా, ఉన్న చిల్లు చాలదా? ఇంకా పెద్దది చేస్తున్నావేమిటి?"

ఎర్రయ్య ఆమె చెయ్యి మెల్లగా తీసి పక్కన పెట్టాడు. "సిల్లు నాను పెద్దది సెయ్యట్లేదమ్మా. అదెంత పెద్దదో సూపిత్తన్నాను. మంచి కన్ను దొరికినకాడ ఆపుతాను."

మళ్లీ ఒక్కొక్క కంటినీ బొటనవేలితో లాగి చూడడం, తెగితే కొయ్యడం. చివరికి ఒక కన్ను ఎంత లాగినా తెగలేదు. ఎర్రయ్య దాన్ని రెండోసారి లాగి చూసి, దానికి ఒక ఎర్ర నూలు పోగు గుర్తుగా కట్టాడు. ఆ సరికి రత్నం తలా భుజాలూ దూరేంత కంత ఏర్పడింది. కావలిస్తే దూర్చి చూసుకోమని ఎర్రయ్య అన్నాడు. ఆమె నిజంగానే దూర్చింది. మాస్టారు నవ్వారు. ఆ పొద్దున్న మాలో ఎవరైనా నవ్వడం అదే మొదలు.

తర్వాత ఎర్రయ్య వల అల్లే చెక్కసూదికి కొత్త నూలు చుట్టి, ఎర్ర పోగు కట్టిన కంటి దగ్గర మొదలుపెట్టాడు. ఒక వరస తాను అల్లి, రెండో వరసకు సూదిని రత్నం చేతికిచ్చాడు. కొలత తప్పినప్పుడల్లా విప్పించాడు. ఎండ ఎక్కింది. ఆమె చూపుడువేలు నూలుకు కోసుకుని ఎర్రబడింది. మేం నలుగురం తెప్ప నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ కూర్చున్నాం.

"ఏడో తరగతిలో నేను మూడు నెలలు బడికి వెళ్లలేదు మాస్టారూ," అంది రత్నం ఉన్నట్టుండి.

ఎవరూ ఏమీ అడగలేదు. ఎండదెబ్బేమోనని నేను కంగారు పడ్డాను. ఆమె సూది ఆపకుండానే చెప్పుకుపోయింది. టైఫాయిడ్ వచ్చిందట. తిరిగి బడికి వెళ్లేసరికి నిష్పత్తుల పాఠం అయిపోయిందట. తెలియదని చెప్పడానికి సిగ్గుపడి, లెక్కలో మెట్లు బట్టీ పట్టిందట. అప్పటి నుంచి ఏ తరగతిలోనైనా, ఏ పాఠంలోనైనా, దీనికి అది ఎంత వంతు అని లెక్క వస్తే చాలు, బట్టీయే దిక్కు. రసాయనంలో ద్రావణాల లెక్కలన్నీ అలాంటివే. ఇన్నేళ్లూ తనకు రసాయనం రాదనే అనుకుందట. చెప్పడం పూర్తయ్యాక ముఖం చీర చెంగుతో గట్టిగా తుడుచుకుంది. చెమటా కన్నీళ్లా అన్నది నేను పట్టించుకోనట్టు నటించాను. మాస్టారు మాత్రం ఆమె అల్లిన వరసను వేలితో తడిమి, ఒక ముడి వదులుగా ఉందని చెప్పారు.

మధ్యాహ్నానికి వల పూర్తయింది. పాత నూలు మధ్య కొత్త నూలు తెల్లగా, అందరికీ కనబడేలా ఉంది. మాస్టారు విసిరారు. గాలిలో గుండ్రంగా విచ్చుకుని నీళ్ల మీద చప్పుడు లేకుండా పడింది. ఏడు చేపలు వచ్చాయి. రత్నం ఏడింటినీ రెండుసార్లు లెక్కపెట్టింది. అప్పుడు సంచిలోంచి సెప్టెంబరు దరఖాస్తు తీసి కొంచెంసేపు చూసింది. మార్చి పరీక్షకు దరఖాస్తులు ఎప్పుడిస్తారని మాస్టారిని అడిగింది. డిసెంబరులో అన్నారాయన. ఆమె ఒక చేపను ఆ కాగితంలో చుట్టి ఎర్రయ్యకిచ్చింది. అతను దాన్ని కళ్లకద్దుకుని తీసుకున్నాడు. నా ఇరవై ప్రశ్నల జాబితాలో ఇంకో చేపను చుట్టి, చాలా మర్యాదగా, నాకే ఇచ్చింది.

ఇంట్లో చెప్పడం అంత తేలిక కాలేదని తర్వాత సింహాద్రి గారే నాతో అన్నారు. ఒక ఏడాది పోతుందని, టీచరు ఉద్యోగం వేరేవాళ్లకు పోతుందని విని ఆయన తల వంచుకుని భోజనం ముగించారట. ఆ ఏడాది పోగొట్టుకుని మార్చిలో కూడా తప్పితే తన కూతురికి ఇటు సీటూ లేదు, అటు ఉద్యోగమూ లేదు. ఆ భయం ఆయనకు ఉండదా మరి. చెయ్యి కడుక్కుని వచ్చి, ఇంతకీ ఆ ఏడో తరగతిలో పోయింది ఏమిటని అడిగారట. నిష్పత్తులు అని చెప్పింది. ఆయనకు ఆ మాట అర్థం కాలేదు. ఆమె పుస్తకం తెరిచి చూపిస్తే, కాసేపు చూసి, లేచి వెళ్లి ఓ మిక్స్చరు సీసా, ఓ కాగితం ముక్క తెచ్చారట.

ఆ రోజుల్లో మందు నీళ్లు సీసాలో పోసిచ్చేవారు. పూటకు ఎంత తాగాలో రోగికి తెలియడానికి, పొడుగాటి కాగితం పట్టీని సమానంగా మడిచి, అంచుల్లో గాట్లు పెట్టి సీసాకు అంటించేవారు. ఆ పట్టీలు మడిచే పని రత్నానిదే. ఎనిమిది పూటలకు ఎనిమిది మడతలు, ఆరు పూటలకు ఆరు మడతలు, సీసా చిన్నదైతే పట్టీ చిన్నది. తొమ్మిదేళ్ల వయసు నుంచి వేలకొద్దీ మడిచింది, ఒక్కటీ తప్పలేదు. ఇది వచ్చినదానివి అది రాదంటావేమే అన్నారట సింహాద్రి గారు. ఆ సంగతి నాతో చెప్పేటప్పుడు ఆయన దగ్గు వచ్చినట్టు చేశారు. ఆ మర్నాటి నుంచి తండ్రీ కూతురూ ఏడో తరగతి లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చున్నారు. వరండాలో కూర్చున్న రోగులు కూడా జవాబులు అందించేవారట. దసరా నాటికి ఎనిమిది, తొమ్మిది పూర్తయ్యాయి, సంక్రాంతి ఇంకా నెల ఉందనగా కాలేజీ పుస్తకం తెరిచింది. ద్రావణాల పాఠం చదివి, ఇంతేనా అనుకుందట.

మార్చి ప్రశ్నపత్రంలో నా ఇరవై ప్రశ్నల్లో మూడే వచ్చాయి. ఆ ఏడాది కాగితం తయారు చేసినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. రత్నానికి ఎనభై రెండు వచ్చాయి.

వైద్యకళాశాల వాళ్లు పిలిచి మాట్లాడిన రోజు సంగతి ఆమె వచ్చి మాకు చెప్పింది. బల్లకు అవతల నలుగురు కూర్చున్నారట. వాళ్లలో ఓ పెద్ద సర్జను గారు పాత మార్కుల కాగితాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టుకుని, ఇరవై రెండు ఎలా వచ్చిందో ముందు చెప్పమన్నారట. జ్వరం వల్లనో, ఇంట్లో ఇబ్బంది వల్లనో అని చెప్పమని నేను ముందే నేర్పి పంపాను. ఆమె అదేమీ చెప్పకుండా, ఏడో తరగతి నుంచి మొదలుపెట్టి, వల సంగతి, ఎర్రయ్య చాకు సంగతి, మందు పట్టీల సంగతి అన్నీ చెప్పేసిందట. సర్జను గారు కుర్చీలో వెనక్కి వాలి, కుళ్లిన కళ్లు కొయ్యడం గురించిన భాగం రెండోసారి చెప్పించుకున్నారట. ఆ తర్వాత మిగిలిన ముగ్గురి వైపూ చూసి, ఈ అమ్మాయిని నేను అడగవలసింది ఇంకొక్కటే ఉందన్నారట. ఇప్పుడు వల విసరడం వచ్చా అని అడిగారట. ఇంకా గుండ్రంగా పడడం లేదండీ అని చెప్పిందట ఈమె.

సీటు వచ్చిన ఉత్తరం పట్టుకుని, మాడుగుల హల్వా పొట్లంతో రత్నం వాళ్ల నాన్నతో కలిసి లాబుకు వచ్చిన రోజు నేను పట్టలేని సంతోషంతో రెండు ముక్కలు తిన్నాను. ఎర్రయ్యకు ఒక పొట్లం పంపామని, అతను దాన్ని చుట్ట మానేసి మరీ తిన్నాడని సింహాద్రి గారు చెప్పారు. నేను ఊరుకోలేక, మొత్తానికి ఆ చిల్లు పూడింది, ఇంక నీకు బెంగ లేదమ్మా అన్నాను. రత్నం కూడా హాయిగా నవ్వింది.

మాస్టారు లేచారు. బీరువా తెరిచి విసురువల తీసి, కిటికీ వెలుతురులో పరిచారు. ఇప్పుడది నేను ఆరబెట్టి, మడతపెట్టి, వేపాకు వేసి దాచిన వల. కొత్త నూలుతో అల్లిన చోట ఆయన చెయ్యే పెట్టలేదు. రెండో వైపున, మేమెవరం ఎన్నడూ ముట్టుకోని వైపున, ఒక కంటిని బొటనవేళ్ల మధ్య పట్టుకుని లాగారు. టప్పున తెగింది. రత్నం నవ్వు ఆగింది, కానీ కళ్లు మెరిశాయి. మాస్టారు తెగిన కంటిని ఆమె చేతిలో పెట్టి, హల్వా ముక్క అందుకుంటూ అన్నారు.

"తెగిన చోటు గురించి నాకు బెంగ లేదు, రత్నం. ఎప్పుడూ తెగని వైపు కూడా అప్పుడప్పుడు లాగి చూసుకుంటూ ఉండు."